గర్భంతో ఉన్నప్పుడు ముక్కు దిబ్బడ: ఉప్పునీళ్లా, ఆవిరా, చుక్కలా, మాత్రా? ఏది ఎవరికి?

జ్వరం ఉండదు. గొంతు నొప్పి ఉండదు. అయినా రాత్రి పడుకోగానే ముక్కు ఒక పక్క మూసుకుపోతుంది, అటు తిరిగితే రెండో పక్క. నోటితో గాలి పీల్చి పీల్చి తెల్లారేసరికి గొంతు ఎండిపోతుంది. ఎంత చీదినా ఏమీ రాదు, ఎందుకంటే అడ్డుపడింది చీమిడి కాదు, ముక్కు లోపలి పొరే వాచింది. గర్భంలో ఈస్ట్రోజన్ పెరుగుతుంది, మాయ నుంచి ఎదుగుదల హార్మోన్ వస్తుంది, ఒంట్లో రక్తం పరిమాణం కూడా పెరుగుతుంది. ఇవన్నీ కలిసి ముక్కులోని సన్నని రక్తనాళాలను ఉబ్బిస్తాయని వైద్యుల అంచనా. గర్భిణుల్లో సుమారు అయిదుగురిలో ఒకరికి ఈ బాధ ఉంటుంది.

దీనికి ఇంట్లో ఒకరు ఆవిరి పట్టమంటారు, ఒకరు జిందా తిలిస్మాత్ వాసన చూడమంటారు, మందుల షాపు అబ్బాయి చుక్కల సీసా చేతిలో పెడతాడు. వీటిలో వెంటనే పని చేసేది చుక్కల మందు. వారం తిరక్కుండా ఎక్కువ ఇబ్బంది పెట్టేదీ అదే. కాబట్టి ‘ఏది త్వరగా తగ్గిస్తుంది’ అన్న ఒక్క ప్రశ్నతో ఎంచుకుంటే దెబ్బ తింటారు. చూసుకోవాల్సినవి ఇవి: దిబ్బడకు కారణం ఏమిటి, ఇప్పుడు ఎన్నో నెల, బీపీ గానీ ఆస్తమా గానీ ఉందా, ఎన్నాళ్లు వాడాల్సి వస్తుంది. చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. జలుబు వారంలో పోతుంది. ఈ దిబ్బడ కాన్పు దాకా నెలల తరబడి ఉండొచ్చు. మూడు రోజులకు మించి వాడకూడని మందు మూడు నెలల బాధకు ఎలా సరిపోతుంది?

## ముందు ఇది ఏ దిబ్బడో తేల్చుకోండి

| గమనించాల్సింది | గర్భం వల్ల | అలర్జీ | జలుబు | సైనస్ ఇన్ఫెక్షన్ |
|---|---|---|---|---|
| ఎన్నాళ్లు | 6 వారాలు, అంతకంటే ఎక్కువ | దుమ్ము, పుప్పొడి తగిలినప్పుడల్లా | 7–10 రోజులు | 10 రోజులు దాటినా తగ్గదు, లేదా తగ్గినట్టే తగ్గి మళ్లీ ముదురుతుంది |
| తుమ్ములు, దురద | దాదాపు ఉండవు | వరుస తుమ్ములు, కళ్లు ముక్కు దురద | మొదటి రెండు మూడు రోజులు | ఉండవు |
| స్రావం | ఉండదు, ఉన్నా నీళ్లలా కొద్దిగా | నీళ్లలా ధారగా | మొదట నీళ్లు, తర్వాత చిక్కగా | చిక్కగా, పసుపుపచ్చగా, ఒక్కోసారి దుర్వాసన |
| నొప్పి, జ్వరం | ఉండవు | ఉండవు | ఒళ్లునొప్పులు, కొద్దిగా జ్వరం | బుగ్గ, నుదురు, పైపళ్లు నొప్పి. జ్వరం రావచ్చు |

గర్భానికి ముందే అలర్జీ ఉన్నవాళ్లకు మొదటి రెండూ కలిసి రావచ్చు. అప్పుడు తుమ్ములు, దురదే దారి చూపిస్తాయి. అవి ఉంటే అలర్జీ మందులకు ఫలితం ఉంటుంది, లేకపోతే అదే మందు వేసుకున్నా ఒరిగేది తక్కువ. సైనస్ వరసలో మీ లక్షణాలు పడితే ఇంటి వైద్యం ఆపి డాక్టరు దగ్గరికి వెళ్లండి, గర్భంలో వాడదగిన యాంటీబయాటిక్స్ ఉన్నాయి.

## ఉప్పునీళ్లు: స్ప్రేనా, కడగడమా?

ముక్కులో వేసుకునేవాటిలో ఏ నెలలోనైనా, బీపీ ఉన్నా, ఎన్ని రోజులైనా వాడుకోగలిగినది ఇదొక్కటే. ఒంట్లోకి ఏ మందూ వెళ్లదు. వాచిన పొర మీద ఎండిన చెక్కును, దుమ్మును కడిగేస్తుంది, పొరను తడిగా ఉంచుతుంది. వాపును మాత్రం పూర్తిగా దించదు. ఒక్కసారి కొట్టుకుని ‘ఏం తేడా లేదు’ అని వదిలేసేవాళ్లు ఎక్కువ. రోజుకు మూడు నాలుగు సార్లు చొప్పున వారం వాడి చూశాకే తీర్పు చెప్పండి.

స్ప్రే సులభం. ఆఫీసులో, బస్సులో ఎక్కడైనా రెండు సార్లు కొట్టుకోవచ్చు. నాసోక్లియర్ లాంటివి డాక్టరు చీటీ లేకుండానే దొరుకుతాయి. కొనేటప్పుడు పెట్టె మీద ‘సోడియం క్లోరైడ్’ అని మాత్రమే ఉందా అని చూడండి. ఒకే బ్రాండు పేరుతో ఉప్పునీళ్ల స్ప్రే, మందు చుక్కలు రెండూ అమ్ముతారు. ఒట్రివిన్ అని అడిగితే షాపులో సాధారణంగా చేతికి వచ్చేది జైలోమెటాజోలిన్ చుక్కలు, ఉప్పునీళ్లు కాదు.

సీసాతోనో జలనేతి చెంబుతోనో (ముక్కు కడగడానికి వాడే కొమ్ము చెంబు) కడగడం స్ప్రే కంటే బాగా పని చేస్తుంది, ముఖ్యంగా అలర్జీ ఉన్నవాళ్లకు. కానీ చేసే పద్ధతి కుదరాలి.

అర లీటరు నీళ్లు బాగా తెర్లేదాకా కాచి, తెర్లాక కనీసం ఒక నిమిషం ఉంచి, మూత పెట్టి గోరువెచ్చగా చల్లార్చండి. అందులో అయోడిన్ లేని సన్న ఉప్పు ముప్పావు టీస్పూను, తినే సోడా పావు టీస్పూను కలపండి. టీస్పూను చదునుగా ఉండాలి, కుప్పగా కాదు. తూకం చూసుకునే వీలుంటే ఉప్పు నాలుగున్నర గ్రాములు. కల్లుప్పులో మట్టి, నలకలు ఉంటాయి, వద్దు. ఈ లెక్కలు తలనొప్పి అనుకుంటే మందుల షాపుల్లో దొరికే పొట్లాలు కొనుక్కోవచ్చు.

సింకు మీదికి వంగి, తల కాస్త పక్కకు తిప్పి, నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీస్తూ పై ముక్కురంధ్రంలోకి మెల్లగా నీళ్లు వదలండి. కింది రంధ్రం నుంచి బయటికి వస్తాయి. ఒక్కో పక్కకు 100 మిల్లీలీటర్లు చాలు. తర్వాత ఒక్కో రంధ్రాన్నే మెల్లగా చీదాలి, రెండూ గట్టిగా మూసి చీదితే నీళ్లు చెవిలోకి ఎక్కుతాయి.

తప్పు జరిగేది సాధారణంగా మూడు చోట్ల. ముక్కు మండితే చాలాసార్లు ఉప్పు తగ్గినట్టు (ఉత్త నీళ్లే ఎక్కువ మండుతాయి, ఉప్పు వల్ల మంట అనుకుని ఇంకా తగ్గిస్తారు). ముక్కు రెండు పక్కలా బిగుసుకుపోయి ఉన్నప్పుడు బలవంతంగా నొక్కితే చెవి నొప్పి వస్తుంది, అప్పుడు స్ప్రేతో సరిపెట్టుకోండి. మూడోది ప్రమాదకరమైనది: కాచని నీళ్లు. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు, ఇంట్లో ఫిల్టరు నుంచి పట్టిన నీళ్లు తాగడానికి పనికొచ్చినా ముక్కులోకి పనికిరావు. కేరళలో 2024, 2025లో వార్తల్లోకి వచ్చిన మెదడు అమీబా ఒంట్లోకి వెళ్లే దారి ముక్కే. కాచిన నీళ్లు మూత పెట్టినా ఒక రోజు దాటితే పారబోయండి. సీసాను వాడిన ప్రతిసారీ కడిగి ఆరబెట్టండి.

## పట్టీ, తలగడ, నడక

ముక్కు మీద అడ్డంగా అంటించే పట్టీలో స్ప్రింగులాంటి ముక్క ఉంటుంది, అది ముక్కు పక్కలను బయటికి లాగి దారిని కాస్త వెడల్పు చేస్తుంది. మందు లేదు, హాని లేదు, రాత్రి గురకకు మంచిదే. ముఖం జిడ్డుగా ఉంటే అర్ధరాత్రి ఊడిపోతుంది. సబ్బుతో కడిగి, పూర్తిగా తుడిచి, క్రీము రాయకముందే అంటించండి. పొద్దున తడి చేసి మెల్లగా తీయాలి, లేకపోతే చర్మం లేస్తుంది.

తల వైపు ఎత్తు పెంచడానికి రెండు మూడు తలగడలు పెట్టుకుంటారు. దానివల్ల మెడ వంగి ఊపిరి ఇంకా ఇబ్బందవుతుంది. నడుము పైభాగమంతా ఏటవాలుగా లేవాలి. మంచం తలవైపు కోళ్ల కింద ఒక్కో ఇటుక పెడితే చాలా ఇళ్లలో పని జరిగిపోతుంది, గుండెమంట కూడా తగ్గుతుంది. 28 వారాలు దాటాక వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవాలి కాబట్టి, వీపు వెనక ఒక తలగడ ఆసరాగా ఉంచండి.

నడక సంగతి చాలామందికి తెలియదు. ఒంటికి పని తగిలితే ముక్కులోని రక్తనాళాలు వాటంతట అవే ముడుచుకుంటాయి. డాక్టరు విశ్రాంతి చెప్పకపోతే సాయంత్రం అరగంట నడిచి వస్తే ముక్కు కొంతసేపు తెరుచుకుంటుంది.

## ఆవిరి, బామ్‌లు, పొగలు

ఆవిరి హాయినిస్తుంది, ఆ హాయి గంటసేపు కూడా నిలవదు. ఉత్త వేడినీళ్ల ఆవిరి అయిదు నిమిషాలు పట్టడం తప్పు కాదు. ప్రమాదం ఆవిరిలో లేదు, గిన్నెలో ఉంది. నేల మీద కూర్చుని పొట్ట అడ్డొస్తూ మరిగే గిన్నె మీదికి వంగినప్పుడు, దుప్పటి కింద కళ్లు తిరిగినప్పుడు తొడలు కాలుతాయి. గిన్నె బల్ల మీద కదలకుండా ఉండాలి, మీరు కుర్చీలో కూర్చోవాలి, దుప్పటి బదులు తువ్వాలు చాలు. ఇవన్నీ వద్దనుకుంటే బాత్రూములో వేడినీళ్లు వదిలి తలుపు వేసుకుని కాసేపు కూర్చున్నా అదే ఫలితం.

అమృతాంజనం, విక్స్, జిందా తిలిస్మాత్ లాంటి వాటిలో మెంథాల్, కర్పూరం, నీలగిరి తైలం వంటివి ఉంటాయి. మెంథాల్ ముక్కులోని చల్లదనం నరాలను తట్టిలేపుతుంది, అందుకే గాలి బాగా ఆడినట్టు అనిపిస్తుంది. నిజానికి దారి వెడల్పు కాదు. ఛాతీ మీద కొద్దిగా రాసుకుంటే ఫర్వాలేదు. మరిగే నీళ్లలో వేసి పీల్చడం, ముక్కు లోపల రాయడం, చక్కెరలోనో టీలోనో చుక్కలు వేసుకుని తాగడం గర్భంతో ఉన్నప్పుడు వద్దు. కర్పూరం కడుపులోకి వెళ్తే విషం.

పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చడం, తలంటి తర్వాత సాంబ్రాణి వేయడం మన ఇళ్లలో మామూలే. వాచిన పొరకు ఏ పొగైనా మంటే. సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చుట్టలు ఆపితేనే సగం తేలికపడే ఇళ్లున్నాయి. ముక్కులో నువ్వుల నూనో నెయ్యో వేయడం కూడా వద్దు. నూనె జారి ఊపిరితిత్తుల్లో చేరితే న్యుమోనియాలాంటి జబ్బు తెస్తుంది. మిరియాల చారు, వేడి పాలు మాత్రం నిక్షేపంగా తాగండి, గుండెమంట లేకపోతే.

## చుక్కల మందు: హాయి ఎక్కువ, గడువు తక్కువ

ఆక్సీమెటాజోలిన్ (నాసివియాన్), జైలోమెటాజోలిన్ (ఒట్రివిన్) రక్తనాళాలను బిగించి నిమిషాల్లో ముక్కు తెరుస్తాయి. మందు ప్రభావం దిగాక నాళాలు మునుపటికంటే ఎక్కువ ఉబ్బుతాయి, ఇంకో చుక్క కావాలనిపిస్తుంది. మూడు నుంచి అయిదు రోజులు దాటితే మందే దిబ్బడకు కారణమవుతుంది. గర్భిణులు ఈ ఉచ్చులో తేలిగ్గా పడతారు, ఎందుకంటే వాళ్ల అసలు దిబ్బడ తగ్గడానికే నెలలు పడుతుంది, మందు ఆపే సందర్భమే రాదు.

కాబట్టి వీటిని డాక్టరు చెప్పినప్పుడు మాత్రమే, ఈ దిబ్బడ మీద జలుబు కూడా వచ్చి అసలు నిద్రే పట్టని రాత్రులకు, మూడు రాత్రులకు మించకుండా వాడాలి. మొదటి మూడు నెలల్లో వద్దు. బీపీ ఉన్నా, ముందు కాన్పులో బీపీ వచ్చి ఉన్నా అసలు అడగొద్దు. ఇప్పటికే వారాలుగా వాడుతూ ఉంటే ముందు ఒక్క రంధ్రంలో ఆపండి, రెండో దానిలో రాత్రి మాత్రం వేసుకోండి. మొదటిది తెరుచుకున్నాక రెండోదీ ఆపేయొచ్చు. ఈ వ్యవధిలో ఉప్పునీళ్లు తోడుంచుకోండి, అవసరమైతే డాక్టరు స్టెరాయిడ్ స్ప్రే జోడిస్తారు.

## స్టెరాయిడ్ స్ప్రే, అలర్జీ మాత్ర

‘స్టెరాయిడ్’ అనగానే గాభరాపడి సీసా పక్కన పెట్టేస్తారు. ముక్కులో కొట్టే ఈ స్ప్రే నుంచి రక్తంలోకి వెళ్లేది చాలా తక్కువ. గర్భంలో ఎక్కువ అనుభవం ఉన్నది బ్యుడెసోనైడ్‌తో. ఫ్లుటికసోన్, మోమెటసోన్ కూడా డాక్టర్లు రాస్తారు. ట్రయామ్‌సినొలోన్ స్ప్రేను గర్భంలో పక్కన పెడతారు.

అసలు ప్రశ్న భయం గురించి కాదు, అవసరం గురించి. అలర్జీ ఉన్నవాళ్లకు ఈ స్ప్రే బాగా పని చేస్తుంది, రెండు వారాలు రోజూ వాడాక పూర్తి ఫలితం కనిపిస్తుంది. అలర్జీ లేకుండా గర్భం వల్ల మాత్రమే వచ్చిన దిబ్బడ మీద ఫ్లుటికసోన్‌ను మందు లేని ఉత్త స్ప్రేతో పోల్చి చూసినప్పుడు తేడా కనిపించలేదు. కొట్టేటప్పుడు ఎడమ రంధ్రానికి కుడి చేయి, కుడి రంధ్రానికి ఎడమ చేయి వాడండి. అప్పుడు మందు మధ్య గోడ మీద కాకుండా బయటి వైపు పడుతుంది, ముక్కు నుంచి రక్తం వచ్చే అవకాశం తగ్గుతుంది.

తుమ్ములు, దురద ఎక్కువైతే సెట్రిజిన్, లోరాటడిన్ గర్భంలో తరచూ రాసే మాత్రలు. ఇవి తుమ్ములను ఆపుతాయి గానీ దిబ్బడను పెద్దగా తీయవు.

## జలుబు మాత్రలు: వద్దు అనడానికి కారణాలు

సినారెస్ట్, చెస్టన్ కోల్డ్ లాంటి మాత్రల్లో పారాసెటమాల్, అలర్జీ మందు, ఫినైలెఫ్రిన్ కలిసి ఉంటాయి. ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ రక్తనాళాలను ఒళ్లంతా బిగిస్తాయి. బీపీ పెరుగుతుంది. మొదటి మూడు నెలల్లో వాడినవాళ్ల పిల్లల్లో పొట్ట గోడ లోపం కొంత ఎక్కువగా కనిపించిందని అధ్యయనాలున్నాయి. పైగా నోటి ద్వారా వేసుకున్న ఫినైలెఫ్రిన్ దిబ్బడ మీద పెద్దగా పని చేయదని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ నిపుణుల కమిటీ కూడా తేల్చింది. ఇంకో చిక్కు: జ్వరానికి విడిగా పారాసెటమాల్ వేసుకుని, ఈ మాత్ర కూడా మింగితే మోతాదు రెట్టింపవుతుంది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు పేర్లు మారతాయి, సంగతి మారదు. అక్కడి ఆఫ్రిన్ మన నాసివియాన్ మందే, సూడఫెడ్‌లో ఉండేది సూడోఎఫెడ్రినో ఫినైలెఫ్రినో. చలికాలం ఇంట్లో హీటరు గాలిని ఎండబెడుతుంది కాబట్టి అక్కడ హ్యూమిడిఫయర్ (గాలికి తేమ పట్టించే యంత్రం) ఉపయోగపడుతుంది. విశాఖలోనో కాకినాడలోనో అది అక్కర్లేదు, తేమ ఎక్కువైతే బూజు, దుమ్ము పురుగులు పెరుగుతాయి.

## ఒక్క చూపులో

| దారి | ఎంత త్వరగా | ఎన్నాళ్లు వాడొచ్చు | మొదటి 3 నెలలు | బీపీ ఉంటే |
|---|---|---|---|---|
| ఉప్పునీళ్ల స్ప్రే, కడగడం | కొద్దిగా వెంటనే, పూర్తిగా వారంలో | కాన్పు దాకా | సరే | సరే |
| ముక్కు పట్టీ, తల ఎత్తు | ఆ రాత్రే | కాన్పు దాకా | సరే | సరే |
| ఉత్త ఆవిరి | వెంటనే, కాసేపే | అవసరమైనప్పుడు | సరే | సరే |
| స్టెరాయిడ్ స్ప్రే (అలర్జీకి) | కొన్ని రోజుల నుంచి 2 వారాలు | డాక్టరు చెప్పినంత | డాక్టరు నిర్ణయం | సాధారణంగా సరే |
| చుక్కల మందు | నిమిషాల్లో | 3 రోజులు | వద్దు | వద్దు |
| ఫినైలెఫ్రిన్ మాత్రలు | నమ్మకం లేదు | వద్దు | వద్దు | వద్దు |

బీపీ ఉన్నవాళ్లకూ, బరువు ఎక్కువున్నవాళ్లకూ ఒక మాట ప్రత్యేకం. గర్భంలో కొత్తగా మొదలైన గట్టి గురకకు, అధిక బీపీకి సంబంధం ఉంది. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారని పక్కవాళ్లు చెబితే పట్టీ మార్చి చూడటం కాదు, చెకప్‌లో ఆ మాట చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు తేలితే మాస్కు ద్వారా గాలి అందించే యంత్రం గర్భంలో కూడా పెడతారు.

ముక్కు నుంచి అప్పుడప్పుడు రక్తం రావడం గర్భంలో మామూలే. తల వెనక్కి వాల్చకుండా ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని 10–15 నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. మధ్యలో వదిలి చూడటం వల్లే ఆగదు. అరగంటైనా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి.

## ముక్కు బాగానే ఉంది, ఊపిరే చాలడం లేదు

ఇది వేరే సంగతి, దీనికి స్ప్రేలు అక్కరకు రావు. ప్రొజెస్టిరోన్ అనే హార్మోన్ మెదడులోని ఊపిరి కేంద్రాన్ని ప్రేరేపిస్తుంది. ఒక్కో శ్వాసలో లోపలికి వెళ్లే గాలి 30–50 శాతం పెరుగుతుంది, నిమిషానికి ఎన్నిసార్లు పీలుస్తారన్నది మాత్రం దాదాపు మారదు. ఈ లోతైన శ్వాసే ‘గాలి చాలడం లేదు’ అన్న అనుభూతిగా తెలుస్తుంది. అందుకే పొట్ట కనిపించని మూడో నెలలో కూడా ఆయాసం రావచ్చు. తర్వాత గర్భసంచి పెరిగి పొట్ట-ఛాతీ మధ్య పొరను దాదాపు 4 సెంటీమీటర్లు పైకి నెడుతుంది. సగానికి పైగా గర్భిణులకు ఏదో ఒక దశలో ఇది ఉంటుంది. బిడ్డ కిందికి దిగాక చివరి వారాల్లో తేలికపడుతుంది.

మామూలు ఆయాసం మెల్లగా మొదలవుతుంది, మాట్లాడుతుంటే అడ్డురాదు, కూర్చుంటే కుదుటపడుతుంది, వేలికి పెట్టే ఆక్సిమీటరులో 95 శాతం పైనే ఉంటుంది. మెట్లెక్కితే ఎక్కువగా ఆయాసం, నీరసం, పాలిపోవడం ఉంటే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి, 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనతే. ఆస్తమా ఉన్నవాళ్లు గర్భమని ఇన్‌హేలర్ ఆపడం అన్నిటికంటే పెద్ద తప్పు, పట్టు వచ్చినప్పుడు బిడ్డకూ ఆక్సిజన్ తగ్గుతుంది.

ఈ కిందివి కనిపిస్తే రేపటి దాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి:

- ఉన్నట్టుండి మొదలైన ఆయాసం, కూర్చున్నా తగ్గనిది
- ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, ఒక కాలు మాత్రం వాచి నొప్పెట్టడం
- పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చోవాల్సి రావడం, గుండె దడ, కళ్లు తిరిగి పడిపోవడం
- ఆక్సిజన్ 95 కంటే తగ్గడం, లేదా నిమిషానికి 25కి పైగా శ్వాసలు
- తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు వాయడంతో కలిసిన ఆయాసం

పడుకోలేని ఆయాసం గురించి ఇంకొంచెం చెప్పాలి. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి గుండె కవాటం దెబ్బతిన్న సంగతి కొందరికి గర్భంతోనే మొదటిసారి బయటపడుతుంది. ఆరు, ఏడు నెలల్లో గుండె మీద భారం పెరిగినప్పుడు ఆయాసం రూపంలో కనిపిస్తుంది. ‘గర్భంలో అందరికీ అంతే’ అని ఇంట్లోవాళ్లు సర్దిచెప్పినా ఒక్క ఈసీజీ, గుండె స్కాన్ అడగండి.

ముక్కు విషయానికొస్తే, గర్భం వల్ల వచ్చిన దిబ్బడ కాన్పయిన రెండు వారాల్లోపు పోతుంది. బాలింత గదిలో సాంబ్రాణి లేకపోతే ఇంకా తొందరగా తెలుస్తుంది. రెండు వారాలు దాటినా అలాగే ఉంటే చెవి-ముక్కు-గొంతు డాక్టరుకు చూపించుకోండి, వెళ్లేటప్పుడు గర్భంలో వాడిన చుక్కల సీసా ఏదైనా ఉంటే వెంట తీసుకెళ్లండి.